దరఖాస్తు రాసే ముందు ఒక్కసారి ఆసుపత్రికి వెళ్లిరండి

పిల్లలూ!

“పెద్దయ్యాక ఏమవుతారు?” అని మీ తరగతిలో ఎవరైనా అడిగితే ఎన్ని గొంతులు “డాక్టరు” అంటాయి? నేను పాతికేళ్లకు పైగా హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. ప్రతి ఏడూ తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న వేస్తాను. ఇంచుమించు సగం చేతులు లేస్తాయి. వెంటనే రెండో ప్రశ్న వేస్తాను. “మీలో ఎవరైనా జబ్బుపడ్డ మనిషి పక్కన ఒక పూటంతా కూర్చున్నారా?” అప్పుడు లేచిన చేతుల్లో చాలా మటుకు దిగిపోతాయి. ఒకటో రెండో మిగులుతాయి. ఆ చేతులు సాధారణంగా ఇంట్లో మంచం పట్టిన తాతో, బామ్మో ఉన్న పిల్లలవి.

ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరం గురించే ఇవాళ మీతో మాట్లాడదామనుకుంటున్నాను. దానికి కారణం ఒకే నెలలో నాకు అందిన రెండు ఉత్తరాలు.

మొదటిది పదో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. “మాస్టారూ, మా ఇంట్లో నన్ను బైపీసీ తీసుకోమంటున్నారు. జీవశాస్త్రంలో నాకు మంచి మార్కులే వస్తాయి. కాని ఆసుపత్రి లోపలికి నేను వెళ్లింది చిన్నప్పుడు టీకా వేయించుకోడానికే. డాక్టరు కావాలని నాకు నిజంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?”

రెండోది ఎప్పుడో నా దగ్గర చదువుకుని ఇప్పుడు అమెరికాలో ఉంటున్న ఒక పూర్వ విద్యార్థి రాశాడు. “మాస్టారూ, మా అమ్మాయి డిగ్రీ మూడో ఏడు చదువుతోంది. మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టాలనుకుంటోంది. కాని ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం మొత్తం కలిపి నలభై గంటలే. ఈ వేసవిలో పెట్టమనాలా, ఇంకో ఏడాది ఆగమనాలా?”

చూశారా! ఒకరు మన జిల్లాలోనే ఉన్నారు. ఇంకొకరు భూగోళానికి అటు పక్కన ఉన్నారు. అడిగింది మాత్రం ఒకే ప్రశ్న. “రోగుల్ని నేను చూసింది కొంచెమే. ఆ కొంచెంతో ఇంత పెద్ద నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలి?”

ముందుగా రెండు దేశాల పద్ధతులూ తెలుసుకుందాం.

అక్కడొక పద్ధతి, ఇక్కడొక పద్ధతి

అమెరికాలో ఇంటర్ అవగానే వైద్యం చదవడం మామూలు పద్ధతి కాదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. కాలేజీలో చేరబోయే వేసవికి దాదాపు ఏడాది ముందే దరఖాస్తు పంపుకోవాలి. ఆ దరఖాస్తులో మార్కులు ఒక్కటే చూడరు. “నువ్వు రోగుల మధ్య ఎప్పుడైనా గడిపావా? అక్కడ ఏం చూశావు? డాక్టరు కావాలని ఎందుకు అనుకుంటున్నావు?” అని అడుగుతారు. తరవాత ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంటర్వ్యూ చేస్తారు. అందుకని అక్కడి విద్యార్థులు సెలవుల్లో ఆసుపత్రుల్లో స్వచ్ఛంద సేవ చేస్తారు. డాక్టరు వెనక నిలబడి ఆయన పని గమనిస్తారు. అంబులెన్సుల మీద పనిచేస్తారు. రోగి చెప్పే మాటల్ని డాక్టరు తరఫున రాసిపెట్టే ఉద్యోగం చేసేవాళ్లూ ఉన్నారు. డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు ఆగి, ఇలాంటి పనేదో చేసి, అప్పుడు దరఖాస్తు పెట్టేవాళ్లు చాలామంది.

మన దేశంలో ఎంబీబీఎస్‌లో చేరాలంటే నీట్ రాయాలి. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండితే చాలు. 2025లో జరిగిన పరీక్షలో ప్రశ్నలు 180, మార్కులు 720. జీవశాస్త్రంలో 90 ప్రశ్నలు, భౌతిక, రసాయన శాస్త్రాల్లో చెరి 45. ఆ ఏడు 22 లక్షల మందికి పైగా పరీక్ష రాశారు. సీట్లు చూస్తే దేశం మొత్తం మీద లక్ష పైచిలుకు. ఇంతమందిని వడపోయడానికి ఏదో ఒక జల్లెడ కావాలి. కాబట్టి పరీక్ష పెట్టడాన్ని నేను తప్పుపట్టను.

కాని పిల్లలూ, ఆ 180 ప్రశ్నల్లో ఒక్కటీ ఇలా ఉండదు. “దగ్గుతో రాత్రంతా నిద్రలేని మనిషి నీతో విసురుగా మాట్లాడితే నువ్వు మళ్లీ మెల్లగా అడగగలవా?” ఆ ప్రశ్న పరీక్షలో పెట్టడం సాధ్యం కాదు. అమెరికాలో దాన్ని కాలేజీవాళ్లు అడుగుతారు. ఇక్కడ అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఎవరూ అడగరు కాబట్టి మనకు మనమే వేసుకోవాలి. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే.

నేను చేసిన పొరపాటు

ఇది తేలిగ్గా చెబుతున్న మాట కాదు. నేనే చేసిన ఒక పొరపాటు నుంచి నేర్చుకున్నాను.

సుమారు పదిహేనేళ్ల కిందట నా దగ్గర ఒక అబ్బాయి చదివేవాడు. జీవశాస్త్రం అంటే ప్రాణం పెట్టేవాడు. గుండె బొమ్మ వేస్తే కవాటాలతో సహా అచ్చు పుస్తకంలోలా వేసేవాడు. బొద్దింకని కోసి చూపించమంటే అందరికన్నా ముందు వచ్చేవాడు. ఎనిమిదో తరగతి నుంచే వాణ్ని “ఏమోయ్ డాక్టరూ” అని పిలవడం మొదలుపెట్టాను. తరగతిలో పిల్లలంతా అలాగే పిలిచారు. ఆ పిలుపు వాళ్ల ఇంటిదాకా వెళ్లింది. వాళ్ల నాన్న రైతు. కొడుకు కోచింగు కోసం ఎకరం పొలం తాకట్టు పెట్టాడు. అప్పట్లో మనకి నీట్ లేదు. ఎంసెట్ రాసేవారు. రెండో ప్రయత్నంలో ర్యాంకు వచ్చింది. సీటు వచ్చింది. ఊళ్లో మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను.

రెండేళ్ల తరవాత సంక్రాంతి సెలవుల్లో వాడు మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి అన్నాడు.

“మాస్టారూ, మొదటి ఏడు శవాన్ని కోస్తుంటే నాకేం భయం వెయ్యలేదు. పాఠాలన్నీ బాగానే ఉన్నాయి. ఇప్పుడు వార్డులకు పంపుతున్నారు. మంచం మీద మనిషి నా చెయ్యి పట్టుకుని ‘బాబూ, నాకు తగ్గుతుందా?’ అని అడుగుతాడు. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపిస్తోంది. రోజూ పొద్దున్నే వార్డు తలుచుకుంటేనే కడుపులో తిప్పుతోంది. మానేద్దామంటే నాన్న పొలం గుర్తొస్తోంది.”

నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. వాడు ఆపి, కోపం లేకుండానే ఇంకో మాట అన్నాడు. “మీరు మమ్మల్ని చెరువుకి తీసుకెళ్లారు. నాచు చూపించారు. ఇటుకబట్టీ చూపించారు. పాల కేంద్రం చూపించారు. నన్ను డాక్టరూ అని పిలిచి ఒక్కనాడూ ఆసుపత్రికి తీసుకెళ్లలేదేం మాస్టారూ?”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

వాడి కథ విషాదంగా ముగియలేదు, కంగారు పడకండి. ఎలాగో చదువు పూర్తి చేశాడు. రోగ నిర్ధారణ చేసే పాథాలజీలో పై చదువు చదివాడు. ఇప్పుడు సూక్ష్మదర్శినిలో కణాల్ని చూసి ఏది మామూలు గడ్డ, ఏది క్యాన్సరు అని తేల్చి చెబుతాడు. ఆ పనిలో సంతోషంగా ఉన్నాడు. కాని మధ్యలో వాడు పడ్డ నాలుగేళ్ల బాధ అనవసరంగా పడ్డది. పదిహేనేళ్ల వయసులో పది రోజులు ఆసుపత్రి చూసి ఉంటే తనకేది నచ్చుతుందో, ఏది నచ్చదో కొంతైనా ముందే తెలిసేది.

ఇద్దరు మనుషులు, రెండు దారులు

“పది రోజుల్లో ఏం తెలుస్తుంది మాస్టారూ?” అని మీరు అడగవచ్చు. కొంచెం అనుభవం కూడా ఎంత చెప్పగలదో చూడండి.

చార్లెస్ డార్విన్ పేరు మీరు పరిణామ సిద్ధాంతం పాఠంలో వింటారు. ఆయన తండ్రి డాక్టరు, తాత డాక్టరు. 1825లో, 16 ఏళ్ల వయసులో, తండ్రి ఆయన్ని వైద్యం చదవమని ఎడిన్‌బరోకు పంపాడు. అంతకు ముందు వేసవిలో డార్విన్ తండ్రికి సాయంగా తమ ఊరి పేద రోగులు కొందరిని చూశాడు. ఆ పని ఆయనకు ఇష్టంగానే ఉండేది. కాని ఎడిన్‌బరోలో శస్త్రచికిత్సలు చూడటానికి రెండుసార్లు వెళ్లాడు. అందులో ఒకటి ఒక పిల్లవాడికి చేసింది. మత్తుమందులు ఇంకా రాని కాలం అది. ఈథర్ మత్తుతో ఆపరేషను 1846లో జనానికి చూపించారు. క్లోరోఫారం వాడకం 1847లో వచ్చింది. కాబట్టి రోగి మెలకువగా ఉండగానే కోసేవారు. డార్విన్ రెండుసార్లూ చివరిదాకా ఉండలేక బయటికి వచ్చేశాడు. మళ్లీ అటు వెళ్లలేదు. 1827లో వైద్యవిద్య మానేశాడు. 1831లో బీగిల్ ఓడ ఎక్కాడు. తరవాత జరిగింది మీకు తెలుసు.

ఇప్పుడు ఇంకొకరి సంగతి వినండి. మనవాళ్లు జబ్బు ముదిరితే రాయవేలూరు వెళ్తూంటారు కదా! ఆ ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్ 1870లో పుట్టింది. ఆమె తండ్రి కూడా డాక్టరే. ఆమెకు మాత్రం డాక్టరు కావాలనీ లేదు, ఈ దేశంలో ఉండిపోవాలనీ లేదు. తల్లికి జబ్బు చేస్తే చూడటానికి తమిళనాడులోని తిండివనం వచ్చింది. ఒక రాత్రి ఒకరి తరవాత ఒకరుగా ముగ్గురు మగవాళ్లు ఇంటికి వచ్చారు. ముగ్గురి భార్యలూ ప్రసవం కాక ప్రాణాపాయంలో ఉన్నారు. “మా నాన్న డాక్టరు, ఆయన వస్తారు” అందామె. మగ డాక్టరును ఇంట్లోకి రానివ్వమన్నారు వాళ్లు. ఆమెకేమో వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ ఒక్క రాత్రితో ఆమె మనసు మారింది. అమెరికా వెళ్లి చదివి 1899లో పట్టం పుచ్చుకుంది. 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యశాల తెరిచింది.

ఈ ఇద్దరి అనుభవాన్నీ గంటల్లో లెక్కపెడితే ఎంత? ఒకరిది ఒక వేసవీ, రెండు ఆపరేషన్లూ. ఇంకొకరిది ఒక రాత్రి. చాలా కొద్ది. అయినా ఇద్దరూ చూసినదాన్ని దాచుకోకుండా తమను తాము ప్రశ్నించుకున్నారు. ఒకరికి “ఇది నా పని కాదు” అని తేలింది. ఇంకొకరికి “ఇదే నా పని” అని తేలింది. రెండూ సరైన జవాబులే.

అందుకే అంటాను. అనుభవం తక్కువగా ఉండటం పెద్ద లోపం కాదు. అసలే లేకపోవడం లోపం. ఉన్నదాన్ని నిజాయితీగా పరిశీలించకపోవడం అంతకన్నా పెద్ద లోపం.

భయం వేరు, అయిష్టం వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. మొదటిసారి రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు “నేను డాక్టరుగా పనికిరాను” అనుకుంటారు. అది తప్పు.

రక్తం చూసినప్పుడు కొందరిలో వేగస్ అనే నాడి ప్రభావం హఠాత్తుగా పెరుగుతుంది. గుండె నెమ్మదిస్తుంది. రక్తనాళాలు సడలి రక్తపోటు పడిపోతుంది. మెదడుకు చేరే రక్తం క్షణకాలం తగ్గుతుంది. మనిషి కింద పడతాడు. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తుగా పెడితే మామూలుగా కొద్దిసేపట్లోనే తేరుకుంటాడు. ఇది శరీరం చేసే పని. పిరికితనం కాదు. చూడగా చూడగా చాలామందిలో తగ్గిపోతుంది. మొదటి రోజు పడిపోయి తరవాత మంచి సర్జన్లయినవాళ్లూ ఉన్నారు.

అయిష్టం సంగతి వేరు. నా శిష్యుడు వార్డులో కళ్లు తిరిగి పడిపోలేదు. వాడికి రోగితో మాట్లాడాలంటేనే మనసొప్పలేదు. భయం పోవచ్చు, పోకపోవచ్చు. కాని అది ఉన్నా “రేపు మళ్లీ వెళ్దాం” అనిపిస్తే మీకు ఆ పని మీద ఇష్టం ఉన్నట్టే. భయం ఏమీ లేకపోయినా “రేపు వెళ్లకపోతే బాగుండు” అని రోజూ అనిపిస్తుంటే, ఆ మాట కూడా వినాలి.

ఎక్కడ చూడాలి? ఎలా చూడాలి?

ఆ సంక్రాంతి తరవాత మా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి డాక్టరుగారితో మాట్లాడాను. అప్పట్నుంచి ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని నలుగురేసి చొప్పున, వాళ్ల తల్లిదండ్రుల అనుమతితో, అక్కడికి తీసుకెళుతున్నాను. ఇందుకు ఖర్చు లేదు. కావలసిందల్లా అనుమతీ, క్రమశిక్షణా.

వాళ్లు అక్కడ చూసేవి సినిమాల్లో చూపించే దృశ్యాలు కావు. ఓపీ చీటీల కోసం నిలబడ్డ వరస. బీపీ చూపించుకోడానికి వచ్చిన ముసలమ్మలు. చక్కెర జబ్బు మాత్రలు. నర్సు ఐస్ ప్యాకులున్న పెట్టెలోంచి టీకా మందు తీస్తుంది. అది 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని, అంతకన్నా వేడెక్కినా, గడ్డకట్టినా పాడైపోయే మందులున్నాయని మా పిల్లలు అక్కడే నేర్చుకున్నారు.

ఒకసారి కుక్క కరిచిన కుర్రవాణ్ని తల్లి తీసుకొచ్చింది. మొదటి సూది వేశాక డాక్టరు మళ్లీ ఏ రోజుల్లో రావాలో చీటీ మీద రాసిచ్చారు. మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. “కూలి పోతుందయ్యా, అన్నిసార్లు రాలేను” అందామె. సూది వెయ్యడానికి పట్టింది ఒక నిమిషం. ఆమెను ఒప్పించడానికి డాక్టరుకు పట్టింది పదిహేను నిమిషాలు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యమని, కాబట్టి ఈ సూదులే ప్రాణమని ఆమెకు అర్థమయ్యేలా ఆయన చెప్పిన తీరు మా పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకోసారి క్షయ రోగి ఒకాయన వచ్చాడు. రెండు నెలలు మందు వాడగానే దగ్గు తగ్గింది. తగ్గిందని మానేశాడు. మామూలు క్షయకు ఆరు నెలలు మందు వాడాలి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని క్రిములు తయారు కావచ్చు. ఇది మన పాఠంలో రెండు వాక్యాలు. అక్కడ ఒక మనిషి. తిట్టకుండా, విసుక్కోకుండా ఆయనతో మళ్లీ మందు మొదలుపెట్టించాలి. వైద్యంలో మందెంతో మాటంత అని పిల్లలకు నేను చెప్పనక్కరలేకపోయింది.

ఇంట్లోనే చూడదగింది కూడా చాలా ఉంది. మంచం పట్టిన బామ్మకు అన్నం తినిపించండి. వేళకు మందు ఇవ్వండి. పక్క దుప్పటి మార్చండి. ఇది “ఇంటిపని” అనుకుంటాం. కాని రోగి పక్కన గడిపిన గంటల్లో ఇంతకన్నా నిజమైనవి లేవు. అమెరికాలో విద్యార్థులు వృద్ధాశ్రమాలకు వెళ్లి చేసే సేవ కూడా ఇదే.

వెళ్లేటప్పుడు కొన్ని నియమాలు గుర్తుంచుకోండి. పెద్దవాళ్లు తోడు లేకుండా వెళ్లకండి. మీకే జ్వరమో జలుబో ఉంటే ఆ రోజు మానండి. లోపలికి వెళ్లే ముందూ, వచ్చాకా సబ్బుతో చేతులు కడుక్కోండి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, తోటి డాక్టర్లచేత క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించి బాలింతల మరణాలు బాగా తగ్గించాడు. ఏదీ ముట్టుకోవద్దు. ఫోనుతో ఫొటోలు తియ్యవద్దు. అక్కడ ఎవరికి ఏ జబ్బని విన్నారో బయట ఎవరికీ చెప్పవద్దు. మీ అమ్మకు కూడా చెప్పవద్దు. ఈ చివరి నియమం పాటించగలిగితే డాక్టరుకు కావలసిన మొదటి గుణం మీలో ఉన్నట్టే.

నోటుపుస్తకంలో నాలుగు ప్రశ్నలు

మనం సైన్సు విద్యార్థులం. “నేను డాక్టరు కావాలి” అన్నది ఇంకా ఒక ఊహ మాత్రమే. ఊహను పరిశీలనతో పరీక్షించాలి. అందుకు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. వెళ్లివచ్చిన ప్రతిసారీ పేర్లు రాయకుండా ఈ నాలుగింటికి జవాబు రాయండి.

ఒకటి: ఇవాళ నేను ఏం చూశాను? రెండు: డాక్టరు, నర్సు ఎక్కువసేపు ఏ పని చేశారు? మూడు: నాకు ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది? నాలుగు: రేపు మళ్లీ వెళ్లాలని ఉందా?

నాలుగో ప్రశ్నకు పదిసార్లు నిజం రాసుకుంటే మీ జవాబు మీకే కనిపిస్తుంది. డాక్టరు పనికన్నా నర్సు పని, ప్రయోగశాల పని, ఫిజియోథెరపీ పని మీకు ఎక్కువ నచ్చాయని తేలినా తేలవచ్చు. అదీ లాభమే.

కొందరు పెద్దలు నాతో వాదిస్తారు. “ఇప్పుడే ఇవన్నీ చూపిస్తే పిల్లలు బెదిరిపోతారు. మంచి డాక్టర్లను పోగొట్టుకుంటాం” అంటారు. నేను ఒప్పుకోను. పది రోజులకే బెదిరి మానుకునేవాళ్లు సీటు సంపాదించి, డబ్బు ఖర్చుపెట్టి, అప్పుడు బెదిరితే ఎవరికి మంచిది? వాళ్లకా, రోగులకా? పైగా నేను చూసినంతవరకు బెదిరినవాళ్లకన్నా గట్టిపడినవాళ్లే ఎక్కువ.

మరి ఎప్పుడు?

ఇప్పుడు ఆ రెండు ఉత్తరాలకు నా జవాబులు చెబుతాను.

అమెరికాలో ఉన్న అమ్మాయికి ఇలా రాశాను. “అమ్మా, నలభై అన్న అంకెను పక్కన పెట్టు. ఆ నలభై గంటల్లో నువ్వు మరిచిపోలేని మనుషులు ఇద్దరు ముగ్గురున్నారా? వాళ్ల దగ్గర నీకు ఏం తెలిసిందో ఒక కాగితం మీద రాయగలవా? రాయగలిగితే, మార్కులూ బాగుంటే, ఈ వేసవిలో పెట్టు. ‘రిసెప్షనులో కూర్చున్నాను, గంటలు పూర్తయ్యాయి’ అన్నంతే రాయగలిగితే ఒక ఏడాది ఆగు. ఆ ఏడాది ఆసుపత్రిలోనో, వృద్ధాశ్రమంలోనో పనిచెయ్యి. తొందరపడి పెట్టి అన్నిచోట్లా కాదనిపించుకుంటే డబ్బూ పోతుంది, మళ్లీ అదే ఏడాది ఆగడమూ తప్పదు. ఆగి చూసిన ఏడాది మాత్రం వృథా పోదు.”

మన పదో తరగతి అమ్మాయికి ఇలా రాశాను. “నీకు ఇంకా సమయం ఉంది తల్లీ. వేసవి సెలవుల్లో పది రోజులు మీ ఊరి ఆరోగ్య కేంద్రం చూడు. తరవాత బైపీసీ సంగతి ఆలోచించు. అప్పటికీ తేలకపోతే, జీవశాస్త్రం ఇష్టం కాబట్టి బైపీసీయే తీసుకో. ఆ దారిలో ఎంబీబీఎస్ ఒక్కటే తలుపు కాదు. నర్సింగు, ఫార్మసీ, పశువైద్యం, వ్యవసాయం, బీఎస్సీ అన్నీ ఉన్నాయి. ఎంపీసీ తీసుకున్నా తలుపు శాశ్వతంగా మూసుకుపోదు. ఇంటర్ అయ్యాక జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా చదివి ప్యాసైనవాళ్లూ నీట్ రాయవచ్చని 2023లో జాతీయ వైద్య కమిషను తెలిపింది. నీట్ రాయడానికి గరిష్ఠ వయసు అన్న నియమాన్ని 2022లో తీసేశారు. గడియారం చూసి ఎవరు నిన్ను కంగారుపెట్టినా కంగారుపడకు.”

లాంగ్ టర్మ్ కోచింగుల్లో రెండో ఏడు, మూడో ఏడు చదువుతున్న అన్నయ్యలూ అక్కయ్యలూ మీ ఇళ్లలో ఉంటే వాళ్లకు కూడా ఈ మాట చెప్పండి. మళ్లీ రాయడం తప్పు కాదు. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను మూడో ప్రయత్నంలో ప్యాసయ్యారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ దుఃఖాన్ని ఆయన మరిచిపోలేదు. తరవాత అమెరికా వెళ్లారు. రోగుల మధ్య కాక ప్రయోగశాలలో పనిచేశారు. ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూ చికిత్సలో అది వాడకానికి వచ్చింది. ఆలస్యమైనా ఆయన ఎందుకు చదువుతున్నారో ఆయనకు తెలుసు. కాబట్టి మళ్లీ రాసేవాళ్లు ఒక ఆదివారం పూట పుస్తకాలు మూసి ఏదైనా ఆసుపత్రికి వెళ్లిరావాలి. ఎందుకు మళ్లీ రాస్తున్నామో అక్కడ తెలుస్తుంది. లేదా ఎందుకు రాయనక్కరలేదో తెలుస్తుంది.

నా తోటి ఉపాధ్యాయులకు కూడా ఒక మనవి. చెరువు చూపిస్తాం, తోట చూపిస్తాం. ఏడాదికి ఒకరోజు ఆరోగ్య కేంద్రం కూడా చూపిద్దాం. అక్కడి డాక్టర్లు కాదనరు. మా డాక్టరుగారు మొదట “ఇక్కడ చూడటానికి ఏముంది మాస్టారూ?” అన్నారు. ఇప్పుడు జూన్ రాగానే “ఈ ఏడు పిల్లల్ని ఎప్పుడు తెస్తున్నారు?” అని ఆయనే అడుగుతున్నారు.

నేను మాత్రం ఇప్పుడు ఏ పిల్లవాణ్నీ “ఏమోయ్ డాక్టరూ” అని పిలవను. వాళ్లు వెళ్లి, చూసి, రెండోరోజు మళ్లీ వెళ్తామని వాళ్లంతట వాళ్లే అడిగితే అప్పుడు సంతోషిస్తాను.

పిల్లలూ, ఈ సెలవుల్లో మీరూ వెళ్లిరండి. నాలుగో ప్రశ్నకు మీ జవాబేమిటో నాకు ఉత్తరం రాయండి. “వెళ్లాలని లేదు” అని రాసినా సరే, నిజం రాశారని మెచ్చుకుంటాను.